అల్లుడుగారి ఇంజెక్టర్లు

ఇంజన్ మేస్త్రి నోటికి జడుసుకుంటూనే జనం ఆయన షెడ్డుకి వచ్చేవారు. జడుసుకుంటూ కూడా వచ్చేవారంటే పనితనం అలాంటిది. ఏడాదిపాటు ఆయిలు మార్చకుండా బండి తిప్పినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి, స్నానం చేసి ఎన్నాళ్లయిందని అడిగేవాడు. ఎంత పెద్ద ఉద్యోగస్తుడైనా, ఎన్ని నగలు పెట్టుకున్న ఆవిడైనా, బానెట్టు పైకి లేచాక అందరూ ఆయనకి ఒకటే. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క కస్టమరు మొహం చూసి మాట మార్చింది లేదు. పొద్దున్నే షట్టరు లేపి, గోడ మీది దేవుడి పటం ముందు ఒక్క నిమిషం నిలబడి, "నా చేత తప్పు బిగింపు చేయించకు, నా నోట తప్పు మాట అనిపించకు" అని మొక్కుకునేవాడు. మొదటి కోరిక దేవుడు చాలావరకు తీర్చాడు. రెండోదీ తీర్చేవాడే. మధ్యలో అల్లుడు వచ్చాడు.

అల్లుడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పని ఇంకా తేలికగా ఉండేది. లిఫ్టుల కంపెనీలో సూపర్వైజరు. చెడు అలవాట్లు లేవు, కట్టుకున్నదాన్ని పల్లెత్తు మాట అనడు, అత్తగారింటికి వస్తే తన చెప్పులు తనే వరసగా పెట్టుకుంటాడు. ఉన్న లోపం ఒక్కటే, ఆయనకి అన్నీ తెలుసు. ఫోనులో వీడియో చూస్తే చాలు, ఆ విద్య వచ్చేసినట్టే. ఏ సంగతైనా రెండుసార్లు చెప్పేవాడు. మొదటిసారి సమాచారంగా, రెండోసారి సలహాగా.

దానికి తోడు మేస్త్రి భార్య. అల్లుడి మాటకి ఎదురు చెప్పకూడదని పెళ్లైన రోజే ఆవిడ నిర్ణయించేసింది. వాన వస్తుందని అల్లుడంటే ఎర్రటి ఎండలో బట్టలు లోపలికి వచ్చేవి. ఒకసారి ఆయన ముందుగదిలో ఫ్యాను ఉండాల్సిన చోట లేదన్నాడు. మర్నాటికల్లా ఫ్యాను చోటు మారింది. ఇప్పుడది బీరువా మీద తిరుగుతుంది. ఆ ఇంట్లో చల్లగా ఉండేది బీరువా ఒక్కటే.

ఆ అల్లుడికి కారు పిచ్చి పట్టింది. మామూలు కారుకి గట్టి ఇంజన్ కట్టించి, దానిలోకి గాలి ఎక్కువగా తోసే టర్బో పెట్టించి, ఆదివారాలు తనలాంటి వాళ్లతో కలిసి ఊరి బయటి పోటీల బాట మీద తిప్పుకోవాలని ముచ్చటపడ్డాడు. ఇంజన్ కట్టేది సొంత మామగారే. మేస్త్రి నాలుగు నెలలు ఆ ఇంజన్ మీద కూర్చున్నాడు. నాలుగు పిస్టన్లనీ బంగారం తూచే త్రాసులో తూచి, ఆవగింజంత ఎక్కువ తూగినదాన్ని అరగదీసి, నాలుగూ ఒక్క బరువుకి తెచ్చాడు. బోల్టు బోల్టుకీ బిగింపు ఎంతో కాగితం మీద రాసుకున్నాడు. తన జీవితంలో ఇంత శుభ్రమైన ఇంజన్ కట్టలేదని ఆయనకే తెలిసిపోయింది. మూత బిగించిన రోజున దాన్ని ముట్టుకునే ముందు చేతులు కడుక్కున్నాడు. సాధారణంగా ఇంజన్ ముట్టుకున్నాక కడుక్కుంటారు.

ఇక మిగిలినవి ఇంజెక్టర్లు. ఇంజెక్టరంటే సిలిండరుకి పెట్రోలు చిమ్మే చిన్న కుళాయి. ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో కారులో కంప్యూటరు చెబుతుంది. ఈ ఇంజన్‌కి నిమిషానికి అయిదు వందల యాభై మిల్లీలీటర్లు పోసేవి చాలని మేస్త్రి లెక్క తేల్చి, నాలుగు నల్లవి తెచ్చి, ఒక్కొక్కదాన్నీ గాజు గొట్టంలోకి పోయించి, నాలుగూ సమానంగా పోస్తున్నాయని చూసుకుని అరలో పెట్టాడు.

అల్లుడు వంకాయ రంగు ఇంజెక్టర్లు నాలుగు పట్టుకొచ్చాడు. పెట్టె కూడా వంకాయ రంగే.

"పదిహేడు వందలవి మామయ్యా. ఇక మనకి పెట్రోలు చాలదన్న మాటే రాదు."

ఇంకెవడైనా తెచ్చి ఉంటే, చంటిపిల్లకి ఫైరింజన్ గొట్టంతో పాలు పడతావా అని మేస్త్రి అడిగేసేవాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వచ్చి, అల్లుడి మొహం చూసి, వెనక్కి వెళ్లిపోయింది. ఇంజెక్టరు చేతిలోకి తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు.

"బాగున్నాయి అల్లుడుగారూ. రంగు కూడా బాగుంది."

ఆ రాత్రి అన్నాల దగ్గర ఈ సంగతి ఒకరి ఒళ్లోంచి ఒకరి ఒళ్లోకి తిరిగింది. మేస్త్రి కూతురికి షెడ్డు కొత్త కాదు. పెళ్లికి ముందునుంచీ షెడ్డుకి వచ్చే ఇంజన్లకి ల్యాప్‌టాప్ పెట్టి కంప్యూటరు లెక్కలు సరిచేసేది ఆమే. అవి మరీ పెద్దవైపోయాయని ఆమెకి పెట్టె చూడగానే తెలుసు. కానీ తను చెబితే ఆయన వినరని, నాన్న చెబితే వింటారని ఆమె అంది. తను చెబితే మామగారు తప్పు పట్టారనుకుంటారని, కట్టుకున్నది చెబితే పోయేదేముందని మేస్త్రి అన్నాడు. ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేదని, అల్లుడు అంత దూరం నుంచి తెప్పించుకున్నాడంటే ఊరికే తెప్పించుకోడని, అందరూ నోరు మూసుకుని తినమని మేస్త్రి భార్య అంది. అందరూ తిన్నారు.

శనివారం పొద్దున మొదటిసారి స్టార్టు చేశారు. కూతురు తలకిందులుగా బోర్లించిన ఆయిలు డ్రమ్ము మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఇంజెక్టర్లతో పాటు కాగితం ఏమైనా వచ్చిందా అని మొగుణ్ణి అడిగింది. కరెంటు అందిన క్షణానికీ కుళాయి తెరుచుకునే క్షణానికీ మధ్య ఎంత ఆలస్యమో ఆ కాగితంలో ఉంటుంది. అది తెలియకుండా కంప్యూటరుకి ఏం చెప్పినా చీకట్లో గురి చూసినట్టే. కాగితం రాలేదని, వీడియోలో చెప్పినాయన ఇరవై పెట్టాడు గనక ఆమెనీ ఇరవై పెట్టమని అల్లుడన్నాడు. ఇరవై ఏమిటని ఆమె అడిగింది. ఇరవై అంతే అన్నాడు.

ఇంజన్ లేచింది. లేచి ఒకసారి గుర్రుపెట్టింది, ఒకసారి దగ్గింది, ఆగిపోతానని బెదిరించింది, ఆగకుండా మళ్లీ ఎగిరింది. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ వచ్చి ఎదురు దుకాణంలో కుట్టడానికిచ్చిన తెల్ల బట్టల మీదికి వెళ్లింది. దర్జీ కిటికీ మూసుకున్నాడు. కూతురు అంకెలు తగ్గించుకుంటూ పోయింది. తగ్గించడానికి ఇంకేమీ మిగల్లేదు. అంత పెద్ద కుళాయి అంత కొంచెంసేపు తెరవమంటే తెరవలేదు. తెరిచినప్పుడు ఒక్కోటి ఒక్కోలా పోసింది. షెడ్డులో ఉన్న ముగ్గురికీ కళ్లలో నీళ్లు కారాయి. అల్లుడు కళ్లు తుడుచుకుంటూ, పవరుకి వాసన ఇలాగే ఉంటుందని, ఇంజన్ కొంచెం అలవాటు పడాలని చెప్పాడు.

మేస్త్రికి పై ప్రాణాలు పైనే పోయాయి. కొత్త ఇంజన్‌కి మొదటి అరగంటే జాతకం. పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు ఆ అరగంటలోనే సిలిండరు గోడకి ఒరుసుకుని, దానితో పొత్తు కుదుర్చుకోవాలి. పోసిన పెట్రోలు మండకుండా గోడ మీద కారిపోతే అక్కడుండే పల్చటి ఆయిలు పొరని కడిగేస్తుంది. గోడ గీసుకుపోతుంది, రింగులు కుదురుకోవు, ఇక ఆ ఇంజన్‌ని విప్పి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. నాలుగు నెలలు, బంగారం త్రాసు, కాగితం మీద అంకెలు, అన్నీ అటకెక్కినట్టే. మేస్త్రి ఆయిలు కొలిచే డిప్‌స్టిక్కు లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయిల్లోంచి పెట్రోలు వాసన గుప్పుమంది. స్టార్టు చేసి ఇంకా నాలుగు నిమిషాలు కాలేదు.

ఆపమనాలి. ఎందుకో కూడా చెప్పాలి. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"బ్యాటరీ దిగినట్టుంది అల్లుడుగారూ. ఆపుదాం. రేపు సాయంత్రానికి చార్జి ఎక్కించి ఉంచుతాను."

బ్యాటరీ కొత్తది. మూడు రోజుల క్రితం అల్లుడే తెచ్చాడు. అయినా అల్లుడు తల పంకించి, తనకి కూడా మొదటినుంచీ బ్యాటరీ మీదే అనుమానంగా ఉందన్నాడు.

ఆదివారం పొద్దున మేస్త్రి దేవుడి పటం ముందు ఎప్పటికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. పెద్దల్ని గౌరవించమన్నారు, ఇంటికొచ్చిన అల్లుడికి మర్యాద చేయమన్నారు. అంతవరకు బాగానే ఉంది. ఆ మర్యాద నడవాలంటే రోజూ ఇంత అబద్ధం పోయాలని మాత్రం ఎవరూ చెప్పలేదే, మరి తనకి ఎక్కడినుంచి అబ్బింది అని ఆలోచించాడు. దేవుడు కూడా అల్లుడి విషయంలో జోక్యం చేసుకోడనుకుని, కూతురికి ఫోను చేసి ల్యాప్‌టాప్‌తో పాటు వంకాయ రంగు గోళ్ల రంగు ఉంటే అది కూడా పట్టుకురమ్మన్నాడు.

ఆమె ఎందుకని అడగలేదు. మొగుడు క్షౌరానికి వెళ్లిన గంటన్నరలో వచ్చి వాలిపోయింది.

పదిహేడు వందలవి బయటికి వచ్చాయి. అరలోంచి నల్లవి దిగాయి. మేస్త్రి స్టూలు మీద కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఒక్కో ఇంజెక్టరు తలకీ చిన్న కుంచెతో రంగు పూయడం మొదలుపెట్టాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఇంజన్లు విప్పి బిగించిన చేతులు. మొదటిదానికి రంగు అంచు దాటి పక్కకి కారింది. కూతురు కుంచె లాక్కుంది.

"నాన్నా, ఇంకెవరికైనా అయితే ఇలాగే చేస్తావా?"

"ఇంకెవరికైనా అయితే చెప్పేస్తాను తల్లీ."

"అదే అడుగుతున్నా."

మేస్త్రి రెండోది ఆరిందో లేదో ఊది చూసుకున్నాడు.

ఆయిలు మార్చారు, ప్లగ్గులు మార్చారు. నాలుగు సిలిండర్లలో గాలి ఎంత పట్టి నిలుస్తోందో కొలిచారు. నాలుగూ సమానంగానే ఉన్నాయి. అది చూశాక గానీ మేస్త్రి ఊపిరి వదల్లేదు. ఇంజన్ మళ్లీ స్టార్టు చేస్తే, పాలు తాగి పడుకున్న పిల్లలా చప్పుడు చేయకుండా తిరిగింది. అరగంట తిప్పారు, వేడెక్కనిచ్చారు, చల్లారనిచ్చారు, మళ్లీ తిప్పారు. రింగులు కుదురుకున్నాయి. మేస్త్రి పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఈసారి షెడ్డులో పొగ లేదు.

సాయంత్రం అల్లుడు కారు తీసుకుని పోటీల బాట దాకా వెళ్లి వచ్చాడు. దిగేటప్పుడు ఆయన మొహంలో ఉన్న ఆనందం చూసి, చేసిన పని మంచిదేనేమో అనిపించింది మేస్త్రికి. అలా అనిపించడం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. కారులో చిన్న తెర ఒకటుంది. ఇంజెక్టర్లు నూటికి ఎంతసేపు తెరుచుకుని ఉన్నాయో అందులో కనిపిస్తుంది. గట్టిగా తొక్కినప్పుడు ఎనభై చూపించిందట. నల్లవి అయిదు వందల యాభైవి గనక ఎనభై చూపించడం న్యాయమే. వాటి కొలతకి తగ్గ పనే చేస్తున్నాయి. అల్లుడు మాత్రం పదిహేడు వందలవి ఎనభై దగ్గరున్నాయనుకున్నాడు. ఫోను తీసి, పదిహేడు వందల్ని నాలుగుతో హెచ్చవేసి, నూటికి ఎనభై తీసి, దాన్ని దేనితోనో భాగించి, తల పైకెత్తాడు.

"వెయ్యి నలభై హార్స్ పవర్, మామయ్యా."

మేస్త్రి భార్య షెడ్డు పక్కనే ఉన్న ఇంటి గుమ్మంలోకి వచ్చి, అది మంచిదేనా అని అడిగింది. మంచిదేమిటత్తయ్యా, వెయ్యి గుర్రాలని అల్లుడన్నాడు. ఆవిడ ఇంటిముందు సన్నటి సందు వైపు చూసి, వాటిలో ఒక్కటి కూడా తిరగడానికి చోటు లేదే అన్నట్టు కళ్లు పెద్దవి చేసింది. అల్లుడు అక్కడితో ఆగలేదు. పదిహేడు వందలవే ఎనభై దాకా వెళ్లాయంటే ఇవి కూడా చాలటం లేదన్నమాట గనక ఇరవై ఆరు వందలవి తెప్పిద్దామన్నాడు. మేస్త్రి చెమట తుడుచుకుని, చూద్దామన్నాడు. ఆ రాత్రి అల్లుడు ఫోనులో తన కారు వీడియో పెట్టి, కింద ఒక మాట రాశాడు: ఇంజెక్టరు ఎంత పెద్దదైతే అంత పవరని, అనుమానముంటే ముప్పై ఏళ్ల అనుభవమున్న మా మామగారిని అడగండని.

అడిగారు. వారం తిరగకుండా పదకొండు మంది ఫోను చేశారు. మేస్త్రి ప్రతివాడికీ, ఆ సంగతి మా అల్లుణ్ణే అడగండి అని చెప్పి పెట్టేశాడు. తను అబద్ధం ఆడటం లేదు కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. పెద్దగా సర్దుకోలేదు అది.

మరో రెండు వారాలకి, ఒక గురువారం డ్రైవింగు మాస్టారు వచ్చారు. అరవై రెండేళ్ల మనిషి. ముప్పై ఒక్క ఏళ్లు డ్రైవింగు స్కూలు నడిపారు. అంటే ముప్పై ఒక్క ఏళ్లు ఎడమవైపు సీట్లో కూర్చుని, కాలి కింద రెండో బ్రేకు పెట్టుకుని, ఇతరులు గోడల వైపు తోలుతుంటే చూశారు. రిటైరయ్యాక పాత కారు ఒకటి తీసుకుని, సిలిండర్ల లోపలి గోడలు మేస్త్రి చేత సాపుగా గీయించి, మిగతాదంతా తన చేతులతోనే కట్టుకున్నారు. వచ్చే నెల కొండ మీదికి కార్లు ఎక్కించే పోటీ ఉంది. అందులో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, పక్కన ఎవరూ లేకుండా తనే తోలాలని ఆయన కోరిక. ఆ రోజు ఇంజన్ మొదటిసారి స్టార్టు చేయాలి. లెక్కలు సరిచేయడానికి కూతురు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. దగ్గరుండి సలహా ఇవ్వడానికి అల్లుడు సెలవు పెట్టి వచ్చాడు. అల్లుడికి మంచినీళ్లు ఇవ్వడానికి మేస్త్రి భార్య వచ్చింది.

మాస్టారు సంచిలోంచి వంకాయ రంగు పెట్టె తీసి బల్ల మీద పెట్టారు.

మాస్టారి ఇంజన్ చిన్నది. అల్లుడి ఇంజన్‌ని నాలుగు నిమిషాల్లో అంత చేసినవి దీన్ని పోటీదాకా కూడా రానివ్వవు. మళ్లీ విప్పి, మళ్లీ గీసి కట్టుకునేసరికి వచ్చే నెల దాటిపోతుంది. ఆ తర్వాతి పోటీ ఏడాదికి. అరవై రెండేళ్ల మనిషికి ఏడాదంటే చిన్న మాట కాదు.

అల్లుడు పెట్టె తెరిచి, ఇవి ఎందుకు గొప్పవో చెప్పడం మొదలుపెట్టాడు. మాస్టారు మర్యాదగా అంతా విన్నారు. కారు నేర్చుకునేవాళ్ల మాటలు వినడం ఆయనకి బాగా అలవాటు. అయిపోయాక మేస్త్రి వైపు తిరిగారు.

"మీ అల్లుడు చెప్పాడు, బాగుంది. నేను మాత్రం ఆ వీడియో కింద నీ సంగతి చూసి, నీ మాటేనని తెచ్చాను మేస్త్రీ. ఇంకెవర్నీ అడగలేదు. పెట్టమంటావా?"

షెడ్డులో నలుగురూ ఆయనకేసి చూస్తున్నారు. కూతురు ల్యాప్‌టాప్ తెరవలేదు. భార్య మంచినీళ్ల గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, కళ్లతోనే వద్దు వద్దంటోంది. ఏది వద్దంటోందో మేస్త్రికి అర్థమైంది. ఇప్పుడు కూడా బ్యాటరీ మీద పెట్టొచ్చు. ఏదో ఒక వైరు మీద పెట్టొచ్చు. ఆయనకి ఎదురుగా పటం కనిపించింది గానీ, ఈ ఒక్క మాటకి దేవుణ్ణి పిలవడం సిగ్గనిపించింది.

"వద్దు మాస్టారూ."

మామయ్య జోకు వేస్తున్నారని అల్లుడు నవ్వాడు. తన కారులో అవే కదా తిరుగుతున్నాయి అన్నాడు.

"మీ కారులో ఉన్నవి అవి కావు అల్లుడుగారూ."

తర్వాత మేస్త్రి అంతా చెప్పాడు. పొగ ఎందుకు వచ్చిందో, ఆయిల్లో వాసన ఎందుకు వచ్చిందో, బ్యాటరీకి ఏ రోగమూ లేదని, అరలో నల్లవి ఎందుకున్నాయో, అన్నీ వరసగా, కస్టమరుకి చెప్పినట్టు చెప్పాడు. రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గింది. అల్లుడు బయటికి వెళ్లి, తన కారు బానెట్టు లేపి, ఒక ఇంజెక్టరు తల మీద గోటితో గీకాడు. వంకాయ తొక్క ఊడినట్టు ఊడి వచ్చింది. కింద నలుపు. తిరిగి లోపలికి వచ్చి పెళ్లాం గోళ్లకేసి చూశాడు. అదే రంగు.

"మూడు నేనే వేశాను," అంది ఆమె. "ఒకటి నాన్న వేశాడు. కారింది అదే."

"అయితే వెయ్యి నలభై?" అన్నాడు అల్లుడు.

"మూడు వందల ముప్పై చిల్లర," అన్నాడు మేస్త్రి. "చాలా మంచి మూడు వందల ముప్పై. నా చేత్తో అంతకంటే మంచిది రాలేదు."

"మీరు ముందే చెప్పి ఉంటే మామయ్యా, నేను..."

వినేవాణ్ణి అనబోయి ఆగిపోయాడు. ఆయన పూర్తి చేయకుండా వదిలేసిన వాక్యం ఆ ఇంట్లో ఎవరికీ అంతకుముందు వినబడి ఉండదు. కారెక్కి వెళ్లిపోయాడు. పెళ్లాన్ని పిలవడం కూడా మరిచిపోయాడు. మూడు వందల ముప్పై గుర్రాలూ సందు మలుపు తిరిగాయి.

మేస్త్రి భార్య మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి, ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. మాస్టారు ఆ నీళ్లు తాగేశారు. తాగి, తన మూలంగా ఇంట్లో గొడవ వచ్చిందే అని నొచ్చుకున్నారు. మీ మూలంగా కాదు, నా నోటి మూలంగా వచ్చింది, అది కూడా ఆలస్యంగా వచ్చింది అన్నాడు మేస్త్రి.

ఆ సాయంత్రం ఆయన ఆ పదకొండు మందికీ తనే ఫోన్లు చేశాడు. ఒక్కొక్కరికీ, మా అల్లుడి మాటకి నేను తలూపాను, నా తలూపుడు తప్పు అని చెప్పాడు. ఎనిమిది మంది నవ్వేసి ఊరుకున్నారు. ఇద్దరు పెట్టెలు తిప్పి పంపారు. ఒకడు మాత్రం అప్పటికే బిగించి వారం తిప్పేశాడట. అతని ఇంజన్ షెడ్డుకి వచ్చింది. గోడలు చూస్తే పిల్లి రక్కినట్టున్నాయి. మేస్త్రి దాన్ని నాలుగు రోజులు తన చేత్తోనే విప్పి గీశాడు. ఆ నాలుగు రోజులూ ఆ కస్టమరు పక్కన నిలబడి, మేస్త్రి మామూలుగా జనాన్ని తిట్టే తిట్లన్నీ ఒక్కటీ వదలకుండా మేస్త్రికే అప్పజెప్పాడు. మేస్త్రి తలొంచుకుని గీస్తూ విన్నాడు. కొన్ని బాగానే ఉన్నాయనిపించింది. ఒకటి రెండు మరీ ఘాటుగా ఉన్నాయని, ఇకమీద అవి వాడకూడదని అనుకున్నాడు.

ఇంట్లో భార్య ఆయనతో నేరుగా మాట్లాడటం మానేసి గోడకి చెప్పడం మొదలుపెట్టింది. అన్నం వడ్డించానని గోడకి చెప్పేది. అల్లుడు ఫోను కూడా చేయలేదని గోడకి చెప్పేది. అల్లుళ్లకి మర్యాద తెలియని ఇళ్లు కొన్ని ఉంటాయని, వాటిలో మనదొకటని తనకి ఇన్నాళ్లూ తెలియదని కూడా గోడకే చెప్పింది. మేస్త్రికి ఆ గోడ మీద జాలి కలిగింది.

కూతురు మాత్రం తల్లికి ఫోనులో ఒక్క సంగతి చెప్పింది. అల్లుడు ఇంట్లో మూడు రోజులు ముభావంగా ఉన్నాడట. నాలుగో రోజు కూర్చుని, ఆ రోజు ఇంకో నాలుగు నిమిషాలు తిప్పి ఉంటే ఇంజన్ పోయి ఉండేదా అని అడిగాడట. పోయి ఉండేదని ఆమె చెప్పిందట. ఆ తర్వాత ఆయన వెళ్లి, మిగతా మూడింటి మీది రంగు కూడా గీకేసుకుని వచ్చాడట. ఈ సంగతి మేస్త్రికి గోడ ద్వారా అందింది.

తొమ్మిదో రోజున మాస్టారి ఇంజన్‌కి నాలుగు వందల నలభైవి బిగించారు. కాగితంతో సహా వచ్చినవి. కూతురు కాగితం చూసుకుంటూ అంకెలు ఎక్కించింది. తాళం తిప్పగానే ఇంజన్ ఒక్క దగ్గు కూడా దగ్గకుండా లేచింది. మాస్టారు ఆ కారులో తొలిసారి కుడివైపు సీట్లో కూర్చుని, అలవాటు కొద్దీ ఎడమ కాలితో లేని బ్రేకు తొక్కారు.

ఇంజన్ పదో నిమిషంలో ఉండగా గుమ్మంలో అల్లుడు కనిపించాడు. లోపలికి రావాలా వద్దా అన్నట్టు కాసేపు నిలబడ్డాడు. ఇంట్లోంచి మేస్త్రి భార్య మంచినీళ్లతో పరుగెత్తుకొచ్చింది. ఆయన నీళ్లు తాగి, గ్లాసు ఇచ్చేసి, ఇంజన్ దగ్గరికి వచ్చి, తల పక్కకి వంచి చప్పుడు విన్నాడు. బాగుందన్నాడు. తర్వాత కిటికీలోంచి మాస్టారి వైపు వంగాడు.

"చూశారా మాస్టారూ, ఇప్పుడు నాకు అర్థమైంది చెప్తా వినండి. ఇంజెక్టరు ఎంత చిన్నదైతే అంత మంచిది. నన్నడిగితే మీరు రెండు వందలవి..."

మేస్త్రి చేతిలో స్పానరు ఆగింది. గుమ్మంలో భార్య ఊపిరి బిగబట్టింది.

"అది కాదు అల్లుడుగారూ. చాలకపోయినా ప్రమాదమే. పెట్రోలు అందకపోతే వేడికి పిస్టనుకి చిల్లు పడుతుంది."

షెడ్డు కప్పు కూలలేదు. ఇంజన్ తిరుగుతూనే ఉంది. అల్లుడు మొహం ఒక్క క్షణం మాడింది, మళ్లీ తేరుకుంది.

"సరే మామయ్యా, అది కాదు. కానీ సూత్రం మాత్రం అదే."

"సూత్రమూ అది కాదు. ఇలా రండి, ఈ లైటు పట్టుకోండి, చూపిస్తాను."

అల్లుడు వచ్చి లైటు పట్టుకున్నాడు. వెలుగు మొత్తం ఇంజన్ మీద కాకుండా మేస్త్రి మొహాన పడింది.

"అటు కాదు," అన్నాడు మేస్త్రి. "కిందికి. ఇంకొంచెం కిందికి."